సముద్రానికి ఒకటే రుచా?

ఈసారి ఉప్పు గురించి మాట్లాడుకుందాం. ధమ్మం చెప్పమంటే ఇతనేంటి వంటింటి సంగతి ఎత్తుకున్నాడు అనుకోకండి. ఒక పోలిక మన సభల్లో మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. నేనే ఓ యాభై సభల్లో చెప్పి ఉంటాను. గంగ, యమున, అచిరవతి, సరభు, మహి వేరువేరు దారుల్లో పారుతూ వస్తాయి, సముద్రంలో కలిశాక ఏ నదికీ పాత పేరు మిగలదు. అలాగే నాలుగు వర్ణాల నుంచి వచ్చినవాళ్ళకి సంఘంలో పాత పేరూ గోత్రమూ ఉండవు. దాని పక్కనే ఇంకొకటి ఉంది. సముద్రాన్ని ఎక్కడ చవి చూసినా ఉప్పు రుచి ఒక్కటే, ధమ్మాన్ని ఎక్కడ చవి చూసినా విముక్తి రుచి ఒక్కటే. పహారాదుడనే అసుర రాజు సముద్రంలో తనకు నచ్చిన ఎనిమిది గుణాలు చెబితే, బుద్ధుడు వాటికి సాటిగా ధమ్మంలోని ఎనిమిది గుణాలు చెప్పిన సుత్తం ఒకటి అంగుత్తర నికాయంలో ఉంది. ఈ రెండు పోలికలూ అక్కడివే. దీక్ష తీసుకున్న మర్నాడు, 1956 అక్టోబర్ 15న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేసిన ప్రసంగంలో కూడా నదులూ సముద్రమూ పోలిక వస్తుంది.

ఇది చెప్పగానే చప్పట్లు పడతాయి. నేనూ అక్కడితో ఆపి, మైకు పక్కవాళ్ళకిచ్చి కూర్చునేవాణ్ణి. నదులు కలుస్తాయి, పేర్లు పోతాయి, అంతేగదా అన్నట్టుండేది. ఎలా కలుస్తాయి, కలవడానికి ఎంతకాలం పడుతుంది, కలిశాక మళ్ళీ విడిపోతాయా అని ఒక్కసారీ అడగలేదు. నేను బీఏ చదివినవాణ్ణి. పదో తరగతి దాటాక రసాయనశాస్త్రం పుస్తకం ముట్టుకుంటే ఒట్టు.

అడిగింది మా మేనకోడలు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. పోయిన పూర్ణిమ సభలో వెనక వరసలో కూర్చుని నా మాటలన్నీ విని, ఇంటికొచ్చాక అన్నం తింటూ అంది: “మావయ్యా, నువ్వు చెప్పింది తప్పు కాదు గానీ, సగమే చెప్పావు.” ఆ మాట ఎందుకందో నాకు అప్పుడే తెలుసు. తెలిసీ తెలియనట్టు కూర్చున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆమె చెప్పిన ఉప్పు పాఠం వినండి. రెండు నెలలుగా నేను చదువుకున్నది కూడా కొంత కలిపి చెబుతున్నాను.

ఒక కిలో సముద్రపు నీరు తీసుకుంటే అందులో సగటున 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. మనం దాన్ని ఉప్పు అనేస్తాం. నిజానికి అందులో క్లోరైడ్ 19 గ్రాముల పైచిలుకు, సోడియం దాదాపు 11 గ్రాములు, సల్ఫేట్ 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం 0.4, పొటాషియం 0.4. ఈ ఆరింటితోనే నూటికి 99 పాళ్ళు నిండిపోతుంది. మిగిలిన ఒక్క పాలులో బ్రోమైడ్, ఫ్లోరైడ్ మొదలుకుని బంగారం దాకా ఎన్నో ఉన్నాయి, అణుమాత్రం.

ఇక్కడొక విచిత్రం ఉంది. మనం కూరలో వేసుకునే ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, ఆ రూపంలో సముద్రంలో లేదు. నీటిలో సోడియం దారి సోడియానిది, క్లోరైడ్ దారి క్లోరైడ్‌ది. ఒక్కొక్క కణాన్నీ నీటి అణువులు చుట్టుముట్టి విడివిడిగా తిప్పుతుంటాయి. ఫలానా సోడియం ఫలానా క్లోరైడ్‌కి జత అని అక్కడ ఎవరూ రాసిపెట్టలేదు. వాటి పుట్టిళ్ళు కూడా వేరు. సోడియం ఎక్కువగా రాళ్ళు అరిగి నదుల్లో కొట్టుకొచ్చింది. క్లోరైడ్‌లో చాలా భాగం భూమి పుట్టిన కొత్తల్లో అగ్నిపర్వతాలు కక్కిన వాయువుల నుంచి వచ్చింది. సోడియాన్ని లోహంగా తీసి నీళ్ళలో వేస్తే భగ్గుమంటుంది. క్లోరిన్ వాయువు పీలిస్తే మనిషి పోతాడు. ఆ రెండూ సముద్రంలో పక్కపక్కన తిరుగుతుంటే మన నాలుక దాన్ని ఉప్పు అంటోంది. నీరు ఎండిపోయినప్పుడు మాత్రమే అవి ఒకదాన్నొకటి పట్టుకుని గళ్ళుగా కూర్చుంటాయి. అప్పుడు దానికి ఉప్పు అనే పేరు వస్తుంది. కారణాలు కూడితే వస్తువు, కారణాలు విడిపోతే ఆ వస్తువు లేదు అని మనం పటిచ్చసముప్పాదం చెప్పేటప్పుడు దీపమూ వత్తీ నూనే ఉదాహరణ ఇస్తుంటాం. ఉప్పు గల్లు కూడా ఇవ్వచ్చు. రోజూ చేతిలోకి తీసుకునేదే కదా.

సరే, నదుల దగ్గరికి వద్దాం. మనలో చాలామంది ఏమనుకుంటాం? నదులు కొద్దికొద్దిగా ఉప్పు తెస్తాయి, సముద్రంలో నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, అందుకే సముద్రం ఉప్పగా ఉంటుంది అని. నేనూ అదే అనుకున్నాను. అది సగం నిజం. లీటరు నది నీటిలో కరిగి ఉండేది ప్రపంచ సగటున గ్రాములో పదో వంతు పైచిలుకు. అందులో ముందు వరస సోడియం, క్లోరైడ్‌లది కాదు. ఎక్కువ నదుల్లో ఎక్కువ పాలు కాల్షియం, బైకార్బొనేట్. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే. అంటే నది నీళ్ళని ఎంత మరగబెట్టినా సముద్రపు నీరు రాదు, సున్నం నీరు వస్తుంది! నది తెచ్చినది తెచ్చినట్టు సముద్రంలో నిలవడం లేదు. కాల్షియాన్ని గవ్వలూ, నత్తలూ, పగడాలూ, కంటికి కనిపించని చిన్న జీవులూ తమ గుల్లలకి వాడుకుంటాయి. అవి చచ్చి అడుగున పడి సున్నపురాయి అవుతాయి. నదులు తెచ్చే సిలికాని ఒకరకం సూక్ష్మ నాచు లాగేసుకుంటుంది. మెగ్నీషియం కొంత సముద్రం అడుగున పగుళ్ళలోకి దిగి, అక్కడి వేడి రాళ్ళకి చిక్కి, ఆ రాళ్ళలోనే ఉండిపోతుంది. అలాంటి వేడి ఊటల్ని మనుషులు మొదటిసారి కళ్ళారా చూసింది 1977లో, గలాపగోస్ దీవుల దగ్గర. అంతకుముందు మెగ్నీషియం లెక్క సరిగ్గా కుదిరేది కాదట.

పేరు పోగొట్టుకోవడమంటే ఒట్టినే కలిసిపోవడం కాదని మొదట అక్కడ అర్థమైంది నాకు. నది నుంచి వచ్చిన ప్రతిదానికీ సముద్రం ఒక పని చూపిస్తోంది. కొన్ని పని ముగించుకుని త్వరగా వెళ్ళిపోతాయి. కొన్ని చాలాకాలం ఉంటాయి. వెళ్ళిపోకుండా ఉండిపోయిన వాటి రుచే మన నాలుకకి తగులుతోంది.

ఇప్పుడు ఒకటే రుచి సంగతి. దీన్ని మాటగా చెప్పడం వేరు, తూచి చూడడం వేరు. 1819లో అలెగ్జాండర్ మార్సెట్ అనే ఆయన ఆర్కిటిక్, అట్లాంటిక్, మధ్యధరా, చైనా సముద్రాల వంటి చోట్ల నుంచి నీళ్ళు తెప్పించుకుని పరీక్షించాడు. మొత్తం ఉప్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండచ్చు గానీ అందులో ఒక్కో లవణం పాలు మాత్రం అంతటా ఒకటే అన్నాడు. తర్వాత 1865లో ఫోర్చ్‌హామర్ అదే చూపించాడు. 1872 నుంచి 1876 దాకా ఛాలెంజర్ అనే ఓడ మహాసముద్రాలు తిరిగి, వేరువేరు లోతుల నుంచి నీళ్ళు పట్టుకొచ్చింది. వాటిలో 77 సీసాల నీటిని విలియం డిట్మార్ ఓపిగ్గా విడగొట్టి తూచి 1884లో ఫలితాలు అచ్చువేశాడు. మళ్ళీ అదే తేలింది. ఎర్ర సముద్రంలో కిలోకి 40 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. వానాకాలం ముగిశాక మన బంగాళాఖాతం ఉత్తరపు కొసన పై నీటిలో 30 గ్రాములకంటే తక్కువ ఉంటుంది. అయినా సోడియానికి క్లోరైడ్ ఎంత, మెగ్నీషియం ఎంత అనే పాళ్ళు రెండుచోట్లా దాదాపు ఒకటే. ఒక్క క్లోరైడ్‌ని కొలిస్తే మిగతావన్నీ లెక్క కట్టచ్చు.

ఇలా ఎందుకుంటుంది? మా మేనకోడలు చెప్పిన అసలు సంగతి ఇదే. నదుల నుంచి వచ్చిన సోడియం సముద్రంలో చేరాక మళ్ళీ బయటపడేలోగా సగటున కోట్ల ఏళ్ళు గడుస్తాయి. క్లోరైడ్ ఇంకా ఎక్కువ. కాల్షియం కూడా దాదాపు 10 లక్షల ఏళ్ళు ఉంటుంది. మరి సముద్రం తనను తాను పైనుంచి కిందికీ, ఈ కొస నుంచి ఆ కొసకీ ఒకసారి కలుపుకోవడానికి ఎంత పడుతుంది? సుమారు 1000 ఏళ్ళు. అంటే ఒక సోడియం కణం వెళ్ళిపోయేలోగా సముద్రం వేలాదిసార్లు కలియతిరిగేస్తుంది. అందుకే పాళ్ళు అంతటా ఒకటే. ఇనుము అలా కాదు. అది ఆ వెయ్యేళ్ళు కూడా నిలవదు. కలవకముందే రేణువులకి అంటుకుని అడుక్కి వెళ్ళిపోతుంది. కాబట్టి ఇనుము అంతటా ఒకలా లేదు. ఎడారి దుమ్ము పడేచోట ఎక్కువ. దక్షిణ మహాసముద్రంలో చాలా మేర ఎంత తక్కువంటే, మిగతా ఎరువంతా ఉన్నా నాచు సరిగా ఎదగదు.

ఇది విని నేను మిళింద పఞ్హ తీశాను, ఎక్కడో చదివిన గుర్తు. సాగల నగరపు యవన రాజు మిళిందుడు నాగసేన భిక్షువుని సముద్రానికి ఒకటే రుచి ఎందుకని అడుగుతాడు. నీరు అక్కడ చాలాకాలం నిలిచి ఉండడం వల్ల అని నాగసేనుడి జవాబు. నాకు ఒళ్ళు జలదరించింది. అయితే వెంటనే ఒక మాట చెప్పాలి. దానికి కాస్త ముందు, సముద్రమని ఆ పేరెందుకు వచ్చిందంటే నీరెంతో ఉప్పూ అంతే ఉండడం వల్ల అని అదే నాగసేనుడు చెబుతాడు. అది తప్పు. వెయ్యికి 35 పాళ్ళు, అంతే. మొదటి జవాబు చూపించి మన గ్రంథాల్లో విజ్ఞానమంతా ముందే ఉందని డప్పు కొట్టుకుని, రెండోది దాచిపెట్టే పని మనం చేయకూడదు. అలాంటి డప్పులు చుట్టూ చాలా మోగుతున్నాయి, మనమూ ఒకటి తగిలించక్కర్లేదు. కాలాములకి చెప్పింది మన పుస్తకాలకి కూడా వర్తిస్తుంది. నాగసేనుడు ప్రయోగశాల పెట్టలేదు. ఒకచోట ఆలోచన సరైన దారిన పోయింది, ఇంకోచోట మాట పొంతన కోసం పోయింది.

కానీ ఆ సరైన దారి మనల్ని ఎక్కడికి తీసుకెళుతుందో చూడండి. నదులు సముద్రంలో పడినంత మాత్రాన ఒకటే రుచి రాలేదు. చాలాకాలం ఉండాలి, ఉన్నంతకాలం కలుస్తూ ఉండాలి. కలిసేలోగా వెళ్ళిపోతే ఇనుము సంగతే. ఇక వచ్చాక కూడా పొరలు పొరలుగా ఉండిపోయే నీళ్ళు ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ మన బంగాళాఖాతంలోనే పడతాయి. వానల తర్వాత ఆ మంచినీరు తేలిక కాబట్టి పైన దుప్పటిలా పరుచుకుంటుంది. కింద బరువైన ఉప్పు నీరు. గాలి ఎంత వీచినా ఆ రెండూ త్వరగా కలవవు. అరేబియా సముద్రం ఇంతగా పొరలు కట్టదు. పొర గట్టిగా ఉంటే కింది నీటికి పై గాలి సరిగా అందదు. మన సముద్రపు నడిమి లోతుల్లో ఆక్సిజన్ బాగా తక్కువ ఉండడానికి ఇదీ ఒక కారణం. ఒకే సముద్రం, ఒకే పేరు. పైనున్నదానికి గాలి ఆడుతోంది, కిందున్నదానికి ఆడడం లేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పక తప్పదు.

మా ఊళ్ళో దీక్ష తీసుకున్న పేటలు రెండున్నాయి. రెండు పేటలకీ రెండు విహారాలు. మధ్య దూరం అర కిలోమీటరు కూడా లేదు. ఇక్కడా త్రిశరణమే, అక్కడా త్రిశరణమే. ఇక్కడి గోడ మీదా బాబాసాహెబ్ ఫోటో, అక్కడి గోడ మీదా ఆయనే. ఏప్రిల్ 14న ఊరేగింపులు మాత్రం రెండు బయల్దేరతాయి. ఎందుకు అనేది మీకు నేను చెప్పనక్కర్లేదు. మనలో మనకి కూడా పై పేర్లూ కింది పేర్లూ ఉన్నాయని మీ ఊళ్ళోనూ చూసే ఉంటారు. మా మేనకోడలికి రెండేళ్ళ కిందట ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి టీచరు. తల్లిదండ్రులు ఇరవై ఏళ్ళ కిందటే దీక్ష తీసుకున్నారు, శీలాలు పాటించే కుటుంబం. మా అక్క నా మీద వదిలేసింది, మావయ్య ఎలాగంటే అలాగే అంది. మధ్యవర్తి ఫోన్ చేస్తే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? “మనవాళ్ళేనా?”

కాదన్నాడు, రెండో పేట తాలూకు చుట్టాలన్నాడు. జాతకాలు నమ్మం కాబట్టి ఆ సాకు చెప్పలేక, అమ్మాయి ఇంకా చదువుకుంటానంటోంది అన్నాను. అబద్ధం. ముసావాదం నుంచి తప్పుకుంటానని ప్రతి పూర్ణిమకీ పదిమంది చేత చెప్పించే నోరు ఇది. ఆ సాయంత్రం నదులూ సముద్రమూ గురించి ఎక్కడో మాట్లాడి కూడా వచ్చాను. అమ్మాయికి ఈ సంగతి తర్వాత ఎవరి ద్వారానో తెలిసింది. అబ్బాయి ఆమెకి కాలేజీలో సీనియరేనట. అందుకే అంది, సగమే చెప్పావు అని. “నదులు పడడం దగ్గరే ఆపేస్తావు మావయ్యా. కలవడానికి టైమ్ ఎక్కడిచ్చావు?” అని కూడా అంది. జవాబివ్వలేదు నేను.

దీక్ష తీసుకుంటే కులం పోతుందని మనం చెప్పేది అబద్ధమా అని మీరడగచ్చు. నన్ను నేనే అడుగుతున్నాను. పోతుందనడం అబద్ధమని నేననుకోను. పోయిందనడమే అబద్ధం. ఆ రెండు మాటల మధ్య సందులో నాలాంటివాళ్ళం హాయిగా కాపురం చేస్తున్నాం.

దీని మీద ఇంకో వైపు నుంచి కూడా ఆలోచించాను. కులం వందల తరాల ఉప్పు, మన నరాల్లో పేరుకుపోయింది, ఒక తరంలో ఎలా పోతుంది అని సర్దిచెప్పుకునే అలవాటు మనకుంది. పేరుకుపోవడమనే ఈ లెక్క మీద ఒక పెద్దమనిషి గొప్ప పొరపాటు చేశాడు. 1899లో జాన్ జోలీ అనే ఐర్లండ్ శాస్త్రవేత్త సముద్రంలో మొత్తం సోడియం ఎంతుంది, నదులు ఏడాదికి ఎంత తెస్తున్నాయి అని లెక్కేసి, దాన్ని దీనితో భాగించి, సముద్రం వయసు, అంటే దాదాపు భూమి వయసు, 8 నుంచి 9 కోట్ల ఏళ్ళని తేల్చాడు. అసలు వయసు 450 కోట్ల పైమాటే. ఎక్కడ తప్పాడు? సముద్రాన్ని జమ మాత్రమే ఉండి ఖర్చు లేని ఖాతా అనుకున్నాడు. ఉప్పు వస్తూ ఉంటుంది, పోతూనూ ఉంటుంది. కొంత మట్టికి అంటుకుని పోతుంది. కొన్నిచోట్ల సముద్రపు పాయలు తెగిపోయి, ఎండి, గుట్టలు గుట్టలుగా ఉప్పురాళ్ళు అవుతాయి. మనం ఉపవాసాలకీ వైద్యానికీ కొనే సైంధవ లవణం అలాంటిదే. పాకిస్తాన్ పంజాబ్‌లో ఖేవ్రా గనుల్లో తవ్వే ఉప్పురాయి 50 కోట్ల ఏళ్ళకు పైబడిన ఒక సముద్రం ఎండగా మిగిలింది.

కర్మని కూడా మనవాళ్ళు జోలీ లాగే లెక్కేస్తారు. చేసినదంతా ఖాతాలో పడుతుంది, పైసాతో సహా అనుభవించాల్సిందే అని. మన పూర్వీకుల్ని ఊరి బయట ఉంచడానికి ఈ లెక్కే వాడారు కదా, పోయిన జన్మ బాకీ అని. ఉప్పు గడ్డ పోలికతో చెప్పిన సుత్తంలో బుద్ధుడు దీన్ని ఒప్పుకోడు. ఎంత చేస్తే అంతే అనుభవించాలన్నదే నిజమైతే దుఃఖం నుంచి బయటపడే దారే ఉండదంటాడు. ఉప్పు గడ్డ ఒక్కటే. చిన్న గిన్నెడు నీళ్ళలో వేస్తే ఆ నీళ్ళు నోట పెట్టలేం. గంగలో వేస్తే గంగ తాగడానికి వీల్లేకుండా పోదు. గడ్డని చూసి ఫలితం చెప్పలేం, నీళ్ళెన్నో కూడా చూడాలి. ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటేయకూడదు. దెబ్బ తిన్నవాడితో నీ మనసు గంగంత చేసుకో, బాధ తెలియదు అని కొట్టినవాడు చెప్పడానికి ఈ పోలిక పనికిరాదు. చెబితే లేచి నిలబడి అడ్డుకోండి. సుత్తం మాట్లాడేది చేసినవాడి గురించి.

నీళ్ళెన్ని అన్న మాట ఎంత పెద్దదో నాకు ఉప్పు మళ్ళ దగ్గర తెలిసింది. మొన్న వేసవిలో పనుండి శ్రీకాకుళం వైపు వెళ్ళినప్పుడు నౌపడ ఉప్పు మళ్ళు చూడ్డానికి ఆగాను. మండుటెండలో పనిచేస్తున్న ఒక పెద్దావిడతో మాట కలిపాను. సముద్రం నీళ్ళన్నీ ఒకటే రుచి కదమ్మా అంటే నవ్వింది. “ఏటి బాబూ, అలాగంటావు? నీరొకటే. ఎండీకొద్దీ దేని దారి దానిదే” అంది. తర్వాత వివరంగా చూపించింది. నీరు ఒక మడి నుంచి ఇంకో మడికి పారుతూ చిక్కబడుతుంది. మొదటి మళ్ళలో అడుగున సున్నంలా తెల్లగా దిగుతుంది. ఇంకా చిక్కబడి అయిదో వంతుకి వచ్చేసరికి కాలికి గుచ్చుకునే పెళుసు పొర కడుతుంది, అది జిప్సం. పదో వంతు మిగిలినప్పుడు గానీ అసలు ఉప్పు కూర్చోదు. అది తీసేశాక మిగిలిన నీరు చేదు, మెగ్నీషియం నీరు. దాన్ని వదిలేయకపోతే ఉప్పు చెమ్మెక్కి చేదైపోతుందట. ఆవిడ పాదాలు చూశాను. ఆ పెళుసు పొర మీద, ఆ చేదు నీటిలో ఏళ్ళ తరబడి నడిచిన పాదాలు. మడమలు నిలువునా పగిలి ఉన్నాయి. బూట్లు ఇవ్వరా అంటే, ఇచ్చినా ఈ నీటిలో ఎన్నాళ్ళుంటాయి అంది. కిలో ఉప్పు ప్యాకెట్టు మీద ఈ పాదాల ధర ఎంతో ఎవరూ వేయరు.

కోట్ల ఏళ్ళు కలిసి తిరిగిన లవణాలు నాలుగు వారాల ఎండకి వరసగా ఎవరి మడిలో వాళ్ళు కూర్చున్నాయి. నీళ్ళు తగ్గాయి, అంతే. మనకీ అంతే జరుగుతోందేమో ఆలోచించండి. ఊరంతా మీద పడినప్పుడు రెండు పేటలూ ఒకటై స్టేషన్ ముందు కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఒకే గిన్నెలో అన్నం తిన్నాం. తర్వాత ఉద్యోగాలు తగ్గాయి, సీట్లు తగ్గాయి, ఇళ్ళ స్థలాలు నలభై వచ్చి మనుషులు నాలుగొందల మంది ఉన్నారు. అప్పుడు ముందు సున్నం విడిపోయింది, తర్వాత జిప్సం. మనసులు చెడ్డవై విడిపోయామని ఒకరినొకరం తిట్టుకుంటాం. నీళ్ళు ఎవరు ఆవిరి చేస్తున్నారని అడగం. అలాగని తప్పంతా ఎండ మీద వేసి నేను తప్పుకోలేను. మేనకోడలి సంబంధం దగ్గర నాకు ఏ నీళ్ళు తగ్గాయి? ఏమీ తగ్గలేదు. అలవాటు, అంతే.

కాబట్టి మీ విహారంలో ఈ పోలిక చెప్పేటప్పుడు పక్కనే ఇది కూడా అడగండి. కిందటి ఏడాదిలో రెండో పేటవాళ్ళ ఇంట్లో ఎన్ని పూటలు తిన్నాం? చావుకి వెళ్ళడం కాదు, అది అందరం వెళతాం. శుభకార్యానికి ఎన్నింటికి పిలిచాం, పిలిపించుకున్నాం? పిల్లల్ని ఎవరింటికి పంపాం? మా దగ్గర ఇప్పుడు ఒక పూర్ణిమ ఇక్కడ, ఒక పూర్ణిమ అక్కడ చేస్తున్నాం. మొదటి నెల రెండో విహారానికి మా పేట నుంచి వచ్చింది పదకొండు మంది. అందులో నలుగురు మా ఇంటివాళ్ళే. రెండో నెల తొమ్మిది మందే వచ్చారు. మూడో నెల ముసురు పట్టినా ఇరవై దాటారు, ఎందుకో నాకూ తెలియదు. పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడడం మానేశారు.

పల్నాటి సున్నపురాయి మీరు చూసే ఉంటారు. అమరావతి స్తూపానికీ నాగార్జునకొండకీ శిల్పులు వాడింది ఆ రాయే. గుల్లల జీవులు ఇంకా పుట్టని కాలంలో ఇక్కడ నిలిచిన సముద్రం అడుగున కాల్షియం పొరలుగా దిగి రాయి అయింది. ఎక్కడెక్కడి నదులో, ఏ పేర్లో, తెచ్చిపోసిన కాల్షియం అది. మొన్న మేనకోడల్ని వెంటబెట్టుకుని అమరావతి మ్యూజియంకి వెళ్ళాను. ఆ రాతి ముందు చాలాసేపు నిలబడింది. వచ్చేటప్పుడు బస్సులో, అబ్బాయి వాళ్ళకి ఫోన్ చేసి నిజం చెప్పమంది. సంబంధం కోసం కాదు, అబద్ధం చెప్పావు కాబట్టి అంది.

మర్నాడు చేశాను. అబ్బాయి తండ్రే ఎత్తాడు. రెండేళ్ళ కిందట అమ్మాయి చదువు అని చెప్పింది నిజం కాదండీ, కులం చూసే వద్దన్నాను, క్షమించండి అన్నాను. కాసేపు ఏమీ అనలేదు ఆయన. తర్వాత, “మాకు అప్పుడే తెలుసండీ” అన్నాడు. అబ్బాయికి పెళ్ళి కుదిరిందనీ, వచ్చే నెల పూర్ణిమకేననీ చెప్పి, మీరు రావాలి అన్నాడు. వెళ్ళాను, పంక్తిలో కూర్చుని భోంచేశాను. మేనకోడలు మాత్రం రానంది.